మిగిలిన దిమ్మ

"టీబీ లేదంట."

మాట తన నోట్లోంచే వచ్చింది గానీ, గొంతు తనది కాదనిపించింది నానాజీకి. వెనక డాక్టరమ్మ గది తలుపు ఇంకా ఊగుతోంది. ఎదురుగా వరండాలో బల్ల మీంచి అతని భార్య ఈశ్వరి దిగ్గున లేచింది. ఒళ్ళో సంచి జారింది. అందులోంచి స్టీలు గ్లాసు కిందపడి, దొర్లుకుంటూ వరండా చివరికి పోయింది. అది నానాజీ గ్లాసు. దగ్గు ముదిరినప్పటి నుంచి ఇంట్లో అతనికి గ్లాసు వేరు, కంచం వేరు, పడుకునే చాప వేరు.

"నేదా? నిజంగా నేదన్నాదా?"

"నేదన్నాది."

"ఓలమ్మ, మరిడమ్మ తల్లీ!" ఈశ్వరి చేతులెత్తి దండం పెట్టింది. ఎదురుగా ఉన్నది మందులిచ్చే కిటికీ. కిటికీలో కూర్చున్నామె ఇటు చూసి నవ్వింది.

ఈశ్వరి తమ్ముడు లోవరాజు వెళ్ళి గ్లాసు పట్టుకొచ్చాడు. "బావా, ఇంక దీన్తో పనేటి? ఇక్కడే ఒగ్గేద్దాం," అని చెత్తబుట్టలో పడేశాడు.

"స్టీలు గలాసురా ఎర్రోడా!" అంటూ ఈశ్వరి దాన్ని తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ సంచిలో పెట్టుకుంది. ముగ్గురూ నవ్వారు. నవ్వుతుంటే నానాజీకి దగ్గు వచ్చింది. గోడ పట్టుకుని నిలబడ్డాడు. అతను దగ్గుతున్నంతసేపూ మిగతా ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు. టీబీ లేనివాడి దగ్గు మామూలు దగ్గే కదా.

ఆ గొంతు ఎవరిదో ఆసుపత్రి మెట్లు దిగుతుంటే గుర్తొచ్చింది. తనతో పని చేసిన, వరసకి మావ అయ్యే సింహాచలం మేస్త్రిది. మూడేళ్ళ కిందట ఇదే తలుపు తోసుకుని వచ్చి సింహాచలం ఇదే మాట అన్నాడు. "టీబీ లేదంట, అల్లుడా." ఆ రోజు బల్ల మీద కూర్చుని ఎదురుచూసినవాడు నానాజీ.

గదిలో జరిగింది వేరు.

డాక్టరమ్మ ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకి పెట్టి చాలాసేపు చూసింది. "ఏం పని చేస్తావు?" అని అడిగింది.

"గట్లు ఏత్తామండి."

"పొలం గట్లా?"

"కాదమ్మా, వంటింట్లో గట్లు. పొయ్యి పెట్టుకుంటారు కదా, ఆ గట్టు. రాయి కోసి, అంచులు పాలిష్ పట్టి, సింకుకి కంత కోసి బిగిత్తాం."

"ఏ రాయి?"

"మునుపు గ్రానైటండి. ఇప్పుడంతా తెల్ల క్వార్ట్జే. కంపినీలో తయారవుతాది. మరకలు పడవని అందరూ అదే అడుగుతారు."

"నీళ్ళు పోస్తూ కోస్తారా?"

"మొదట్లో పోసేవోళ్ళం."

మొదట్లో ఒక కట్టరుకి ఇద్దరు మనుషులు. ఒకడు కోస్తాడు. రెండోవాడు మూతకి కంతలు పెట్టిన సీసాతో బ్లేడు మీద నీళ్ళు పోస్తాడు. దుమ్ము లేవకుండా బురదై కిందికి కారిపోతుంది. సింహాచలం కోస్తుంటే నీళ్ళు పోసేవాడు నానాజీయే. తర్వాత అపార్టుమెంట్ల పని పెరిగింది. అక్కడికి వెళ్ళేసరికి వంటింట్లో చెక్క అరలు బిగించి ఉంటాయి. నీళ్ళు తగిలితే చెక్క ఉబ్బుతుంది, ఇంటివాళ్ళు ఒప్పుకోరు. తలుపులు మూసి పొడిగానే కోయాలి, దుమ్ము పక్క గదిలోకి పోకూడదు. రాయి కోసే షెడ్డులో కూడా నీళ్ళు పోస్తే పెన్సిలు గీత చెరిగిపోతుందని, పని ఆలస్యమవుతోందని ఓనరు ధనరాజ్ సీసా తీయించేశాడు. నీళ్ళు పోసేవాడి చేతికి ఇంకో కట్టరు వచ్చింది.

డాక్టరమ్మ నానాజీ వీపు మీద ఎడమచేతి వేలు ఆనించి, దాని మీద కుడిచేతి వేలితో కొట్టింది. ఒకచోట, ఇంకోచోట, ఇంకాస్త పైన. నానాజీ చెవులు రిక్కించాడు. రాయి కోసేవాళ్ళు కూడా పలకను కోసే ముందు అలాగే తట్టి చూస్తారు. లోపల బీట లేకపోతే పలక మోగుతుంది. ఉంటే, తట్టిన చోటే చప్పుడు చచ్చిపోతుంది. ఆమె తడుతుంటే అతని వీపు మోగలేదు. పలకే అయితే పక్కన పెట్టేసేవాడు.

"టీబీ లేదు," అంది ఆమె. "ఉంటే బాగుండేది. ఆరు నెలలు మందులు వాడితే పోయేది. ఇది రాతి పొడి. ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి బిగుసుకుంది. దీనికి మందు లేదు. పని మానేస్తే ముదరడం కొంచెం ఆగొచ్చు. విశాఖ పెద్దాసుపత్రికి రాసిస్తాను, అక్కడ పెద్ద స్కాను తీస్తారు."

నానాజీ చొక్కా గుండీలు పెట్టుకోసాగాడు.

"మీ షెడ్డు నుంచే ఒకాయన వచ్చాడు, నేనిక్కడికి వచ్చిన కొత్తలో. పెద్ద మీసాలు. ఆయనక్కూడా ఇదే. జబ్బు పేరు పెట్టి చెప్పాను, షెడ్డులో మిగతావాళ్ళని కూడా తీసుకురమ్మన్నాను. సరే అన్నాడు. ఎవరూ రాలేదు. ఎలా ఉన్నాడాయన?"

"పోయేడండి."

డాక్టరమ్మ ఫిల్మును కవర్లో పెట్టింది. "నువ్వైనా చెప్పు," అంది.

చెబుదామనే బయటికి వచ్చాడు నానాజీ. ఈశ్వరి మొహం చూశాడు. సగం మాట బయటికి వచ్చింది. సగం లోపలే ఉండిపోయింది.

ఇంటికి వెళ్ళే ఆటోలోనే మొక్కు సంగతి తేలిపోయింది. టీబీ కాకపోతే మరిడమ్మకి ఎత్తు బెల్లం ఇస్తానని ఈశ్వరి మొక్కుకుంది. మనిషిని కాటాలో ఒక పళ్ళెంలో కూర్చోబెట్టి, రెండో పళ్ళెంలో అతని బరువుకి సరిపడా బెల్లం తూయడం. ఆ ఊళ్ళో ఏ మొక్కైనా బెల్లంతోనే.

"వచ్చే మంగళవారం," అంది ఈశ్వరి. "ఎల్లుండి నేనూ తమ్ముడూ అనకాపల్లి మార్కెట్టుకెళ్ళి బెల్లం దిమ్మలు తెత్తాం."

"బుధవారం నుంచి నేను షెడ్డుకెళ్ళిపోతాను బావా," అన్నాడు లోవరాజు. "ధనరాజ్ గారితో ఇప్పుడే ఫోన్లో మాటాడేసేను. నువ్వు ఓ నెల ఇంటికాడ కూకుని తిను. నీ కట్టరు నా దగ్గర పదిలంగా ఉంటాది."

లోవరాజు అప్పటిదాకా కిరాయి ఆటో నడిపేవాడు. బావకి టీబీ అన్న అనుమానం ఉన్నన్నాళ్ళూ షెడ్డు వైపు రాలేదు. ఇప్పుడు భయం తీరిపోయింది. నానాజీ బయటికి చూశాడు. చెరుకు కొట్టేసిన మళ్ళలో చెత్త తగలబెడుతున్నారు. ఊపిరి తీసుకుంటే పొగ కూడా లోపలికి పోవడం లేదు. గొంతు దగ్గరే ఆగిపోతోంది.

చెప్పకపోవడం ఇంత తేలికని అతనికి అంతకుముందు తెలియదు. ఇంటికి రాగానే ఈశ్వరి అతని కంచాన్ని మిగతా కంచాల్లో కలిపేసింది. చాప తెచ్చి తన చాప పక్కన పరిచింది. చుట్టుపక్కలవాళ్ళు వచ్చి అరుగు మీద కూర్చుని టీ తాగారు. అప్పటివరకూ అటు తిరిగి వెళ్ళిపోయినవాళ్ళే వాళ్ళు. ఆ రోజు చెబితే ఆ రోజు పాడవుతుంది. రేపు చెబుదాం. మర్నాడు ఈశ్వరి తలంటు పోసింది. చెప్పడానికి ఆ రోజూ కుదరలేదు.

రోజులు గడిచేకొద్దీ అతనికి సింహాచలం ఎక్కువగా కనిపించసాగాడు. కనిపించడమంటే ఎదురుగా వచ్చి నిలబడడం కాదు. సింహాచలం ఆ రోజు ఏం చేశాడో ఒక్కొక్కటే గుర్తుకు రావడం. ఆసుపత్రి నుంచి బయటికి వచ్చి టీ కొట్టు దగ్గర మిరపకాయ బజ్జీలు తినిపించాడు. తను తినలేదు. పొగాకు చుట్ట వెలిగించి, రెండు పీల్పులు పీల్చి, పారేశాడు. ఎత్తు బెల్లం మొక్కు అతని భార్య పైడితల్లిది. ఆరు దిమ్మలు తెచ్చారు. ఐదుకే కాటా సరిపోయింది. ఆరోది నానాజీ భుజానికి ఎత్తుకున్నాడు. పళ్ళెంలో బాసింపట్టు వేసుకుని కూర్చున్న సింహాచలం మీసాలు దువ్వుకుంటూ, "సూసేవా అల్లుడా, అమ్మ నాకు డిస్కౌంటిచ్చింది," అన్నాడు. గుళ్ళో అందరూ నవ్వారు. నానాజీ అందరికంటే ఎక్కువ నవ్వాడు. తర్వాత సింహాచలం దిగి, మొలలోంచి స్పానరు తీసి నానాజీ చేతిలో పెట్టాడు. పలకలు తట్టి చూసే స్పానరు. "రేపట్నించి పెద్ద కట్టరు నీది," అన్నాడు.

అతనికి తెలుసు. ఆ మాట అనేటప్పటికి సింహాచలానికి అంతా తెలుసు.

ఎందుకు చెప్పలేదని అడగడానికి మనిషి లేడు. ఆ తర్వాతి వానాకాలంలో పోయాడు. పైడితల్లి కోటవురట్లలో పుట్టింటికి వెళ్ళిపోయింది. తనూ రోజూ చెప్పకుండా గడుపుతున్న నానాజీకి, అడగాల్సిన అవసరం కూడా లేదనిపించింది.

సోమవారం మధ్యాహ్నం నానాజీ షెడ్డుకి వెళ్ళాడు. లోవరాజు చేత కట్టరు పట్టించి ఒకసారి చూపించమని ధనరాజ్ కబురు చేశాడు. లోవరాజు ఇంకా రాలేదు. కరెంటు లేదు. పనివాళ్ళు అన్నాలకి వెళ్ళారు. రేకుల మీద ఎండ కాస్తోంది. కట్టర్లు ఆగినా దుమ్ము ఆగలేదు. రేకుల సందుల్లోంచి పడే ఎండ చారల్లో తిరుగుతోంది. ఎక్కడా కింద వాలదు.

స్విచ్చిబోర్డు పక్కనున్న స్తంభం మీద తెల్లటి చెయ్యి గుర్తు ఉంది. సింహాచలానిది. ఆఖరి రోజుల్లో రెండు కోతలకొకసారి వచ్చి, ఆ స్తంభానికి చెయ్యి ఆనించి, తల వంచి ఊపిరి తీసుకునేవాడు. దుమ్ము, చెమట కలిసి చెయ్యి అచ్చు పడిపోయింది. ఎవరూ తుడవలేదు. నానాజీ ఆయాసం తీర్చుకోవడానికి స్తంభం పట్టుకున్నాడు. చూస్తే తన చెయ్యి సరిగ్గా ఆ గుర్తు మీదే ఉంది. వేళ్ళకి వేళ్ళు సరిపోయాయి. ఇలా ఎన్నాళ్ళ నుంచి పెడుతున్నాడో అతనికి తెలియదు. ఆ అచ్చు ఇన్నాళ్ళూ చెరిగిపోకుండా ఉన్నది ఎవరి చెమటతోనో అప్పుడు తెలిసింది.

అప్పుడు షెడ్డు వెనక నుంచి చప్పుడు వినిపించింది. టంగ్, టంగ్, టంగ్. కొంచెం ఆగి, ఇంకొకటి. సింహాచలం పలకను తట్టే పద్ధతి అది. మూడు తట్టి, విని, అనుమానం తీరక ఇంకొకసారి తట్టేవాడు.

"ఎవురది?"

వెనక్కి వెళ్ళి చూశాడు. పలకలు గోడకి చేరగిలబెట్టి ఉన్నాయి. మనిషి లేడు. ఎండకి రేకులు సాగి చప్పుడు చేస్తాయి, అది అతనికి తెలుసు. కానీ రేకులు మూడు కొట్టి ఆగవు.

తిరిగి వస్తుంటే స్విచ్చిబోర్డు మీది గూడు కనిపించింది. గూట్లో సింహాచలం దిమ్మ ఉంది. ఆ రోజు మిగిలిన ఆరో దిమ్మ. మొక్కుకి కొన్న బెల్లం, కాటా ఎక్కకపోయినా టీలోకో పాయసంలోకో వాడుకోకూడదు, అమ్మకూడదు, నలుగురికీ పంచాలి. "షెడ్డులో పెట్టు అల్లుడా, పనయ్యాక తలో ముక్కా తింటే గొంతులో దుమ్ము దిగుతాది," అన్నాడు సింహాచలం. అందరూ అది నమ్మేవారు. అంతకుముందు కూడా సాయంత్రం పూట ధనరాజ్ పొట్లంలో బెల్లం పంపేవాడు. కొన్నాళ్ళు ఆ దిమ్మని గిల్లుకు తిన్నారు. సింహాచలం పోయాక ఎవరూ ముట్టలేదు. పారెయ్యడానికీ ఎవరికీ చెయ్యి రాలేదు. దాని మీద దుమ్ము పేరుకుంది. వానాకాలం చెమ్మకి బెల్లం చెమర్చింది, దుమ్ము అంటుకుంది, ఎండాకాలానికి బిగిసింది. ఇప్పుడది పలక ముక్కలాగే ఉంది. చీమ కూడా ఎక్కలేదు.

నానాజీ స్పానరు తీసి దిమ్మ మీద తట్టాడు. చప్పుడు తట్టిన చోటే చచ్చిపోయింది. ఆసుపత్రి గదిలో విన్న చప్పుడు.

"బావా!" గుమ్మం దగ్గర లోవరాజు. కొత్త చేతిగుడ్డ మెడకి కట్టుకున్నాడు. దుమ్ముకి మూతికి అడ్డంగా కట్టుకోవడానికి. "రేపు నీది కూడా ఓటి మిగిలితే ఈ పక్కనెట్టేద్దాం. జత అవుతాది."

"నోరు ముయ్యరా," అన్నాడు నానాజీ.

లోవరాజు నవ్వాడు. బావ చేతిలో స్పానరు చూసి చెయ్యి చాపాడు. నానాజీ ఇచ్చాడు. ఇవ్వకుండా ఉండడానికి కారణం చెప్పాలి. కారణం గొంతులోనే ఉంది. లోవరాజు స్పానరును గాల్లో ఎగరేసి పట్టుకుని జేబులో పెట్టుకున్నాడు.

మంగళవారం మరిడమ్మ గుడి దగ్గర జనం కొంచెంగానే ఉన్నారు. గుడి ముందు పందిరి దూలానికి కాటా వేలాడుతోంది. అనకాపల్లి బెల్లం మార్కెట్టులో పాత కాటాలు తీసేసినప్పుడు ఎవరో వర్తకుడు గుడికి ఇచ్చిన కాటా అది. రెండు చెక్క పళ్ళేలు, గొలుసులు. పూజారి త్రినాధరావు పళ్ళేలకి పసుపు రాసి, నానాజీని ఒక దాంట్లో కూర్చోమన్నాడు. నానాజీ కూర్చున్నాడు. పళ్ళెం నేల మీద ఆనింది.

ఈశ్వరి ఐదు దిమ్మలు తెచ్చింది. పెళ్ళైనప్పటి నుంచీ మొగుడిది ఐదు దిమ్మల బరువని ఆమె లెక్క. మార్కెట్టులో అమ్మేవాడు "మనిషిని ఓసారి తూసుకుని రావలసిందమ్మా" అన్నా వినలేదు.

లోవరాజు దిమ్మలు ఎత్తి రెండో పళ్ళెంలో పెట్టసాగాడు. ఒకటి. రెండు. మూడోది పెట్టేసరికి గొలుసులు బిగిశాయి. నాలుగోది పెట్టాడు. నానాజీ కూర్చున్న పళ్ళెం నేల నుంచి లేచి, ఊగి, రెండో పళ్ళెంతో సమానంగా నిలిచింది.

"సరిపోనాది," అన్నాడు త్రినాధరావు.

"సరిపోడమేటండి? ఇంకోటున్నాది, ఎయ్యండి," అంది ఈశ్వరి.

"కాటా సూడమ్మా. ముల్లు మధ్యలో ఉన్నాది."

"మీ కాటా పాతది కాదేటి. మా ఆయన ఐదు దిమ్మల మనిషి."

"దేవుడి కాటాకి వంకలెట్టకే ఈశ్వరీ," అని పక్కన ఎవరో ముసలమ్మ అంది. అందరూ నవ్వారు. ఈశ్వరి కూడా నవ్వింది. లోవరాజు ఐదో దిమ్మను భుజానికి ఎత్తుకున్నాడు. "షెడ్డుకి అట్టుకెళ్ళిపోతానక్కా. పనయ్యాక అందరం తలో ముక్కా," అన్నాడు.

నానాజీ పళ్ళెంలోంచి చూశాడు. భుజం మీద దిమ్మతో మనిషి నిలబడి ఉన్నాడు. నవ్వుతున్నాడు. మూడేళ్ళ కిందట సింహాచలం ఇక్కడి నుంచి చూసింది ఇదే. ఇదే ఎత్తు నుంచి, ఇదే పక్క నుంచి. అతనికి కనిపించింది నానాజీ.

అతని నోట్లోకి మాట వచ్చింది. సూసేవా, అమ్మ నాకు డిస్కౌంటిచ్చింది. నాలుక మీద దాకా వచ్చింది. పెదాలు నవ్వుకి సిద్ధమయ్యాయి. ఆ మాట అనేస్తే చాలు. అందరూ నవ్వుతారు, ప్రసాదం పంచుతారు, అన్నాలు తింటారు. మిగతాదంతా దానంతటదే జరిగిపోతుంది. చప్పుడు మళ్ళీ వినిపించింది. మూడు తట్లు. చాలా దగ్గర నుంచి. నాలుగో దాని కోసం నానాజీ ఎదురుచూశాడు. రాలేదు.

"దించరా ఆ దిమ్మ," అన్నాడు.

"ఎందుకు బావా?"

"దించమన్నాను. అది నాది."

లోవరాజు దించాడు. జేబులో స్పానరు గొలుసుకి తగిలి మోగింది.

"నేను తగ్గిపోనాన్రా," అన్నాడు నానాజీ. "ఆ దిమ్మంత తగ్గిపోనాను."

"జబ్బు సేత్తే తగ్గరేటి? తింటే అదే వత్తాది," అంది ఈశ్వరి.

"రాదు. టీబీ అయితే వచ్చును. మందులేసుకుంటే తగ్గిపోయేది. టీబీ లేదన్నాది డాట్రమ్మ. రాయన్నాది." అతను ఆగి ఊపిరి తీసుకున్నాడు. "ఆ తెల్ల రాయి పొడి నా లోపల బిగిసిపోయింది. మందు నేదంట. సింహాచలం మావకీ అదే. ఆయనకీ టీబీ నేదన్నారు, గుర్తుందా? ఇదే కాటాలో కూకున్నాడు."

నవ్వు ఆగిపోయింది. కొబ్బరికాయ కొట్టబోతున్న త్రినాధరావు చెయ్యి దించాడు.

"ఎప్పుడు సెప్పిందామె?" అని అడిగింది ఈశ్వరి.

"ఆ రోజే."

"మరి నవ్వేవు."

"నవ్వేను."

"కంచం కలిపేసేను. నువ్వు సూత్తా ఊరుకున్నావు. తలంటోసేను. ఊరుకున్నావు."

పళ్ళెం కొంచెం ఊగుతోంది.

"నేను నీళ్ళు పోసుకుని కోత్తాను బావా," అన్నాడు లోవరాజు. గొంతు తగ్గింది. "సీసా అట్టుకెళ్తాను."

"ఎవురు పోయనిత్తారా నీళ్ళు? నేనూ సీసాతోనే ఎల్లేను ఆ షెడ్డుకి. నా పనే నీళ్ళు పోడం." మళ్ళీ ఊపిరి కోసం ఆగాడు. "ఆ స్పానరు సింహాచలం మావ నాకు ఇక్కడే ఇచ్చేడు. అప్పటికే ఆయనకి తెలుసు. అందర్నీ అట్టుకురా అని డాట్రమ్మ సెప్పింది. ఆయన ఎవురికీ సెప్పలేదు. నేను నీకు నిన్న ఇచ్చేను. నాకూ తెలుసు. తెలిసే ఇచ్చేను."

లోవరాజు జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు, కాలిందేమో అన్నట్టు.

త్రినాధరావు గొంతు సవరించుకుని, "మొక్కు మొక్కే. కాటా సరిపోనాది కాబట్టి..." అని ఏదో చెప్పబోయాడు.

ఈశ్వరి ముందుకు వచ్చింది. కిందున్న దిమ్మను రెండు చేతులా ఎత్తింది. "నేను మొక్కింది ఈ మనిషి ఎత్తు కాదు బాబూ," అంది పూజారితో. "మునుపటి మనిషి ఎత్తు. అది ఐదే." ఐదో దిమ్మను నాలుగు దిమ్మల మీద పెట్టింది.

బెల్లం పళ్ళెం కిందికి దిగి నేలకి తగిలింది. నానాజీ పైకి లేచిపోయాడు. గొలుసులు రెండు చేతులా పట్టుకున్నాడు. ఒక దిమ్మ తేడాకే పళ్ళెం అంత పైకి పోతుందని అతను అనుకోలేదు. ఈశ్వరి తల తన మోకాళ్ళ దగ్గర ఉంది. ఆమె పైకి చూస్తోంది. అప్పటికి ఆమెకి ఏడుపు వచ్చింది.

లోవరాజు వచ్చి నానాజీ కూర్చున్న పళ్ళెం అంచు మీద చెయ్యి వేసి అదిమాడు. పళ్ళెం మెల్లగా దిగింది. రెండూ సమానంగా నిలిచాయి. చెయ్యి తీస్తే బావ మళ్ళీ పైకి పోతాడు. లోవరాజు చెయ్యి తీయలేదు. త్రినాధరావు కొబ్బరికాయ కొట్టి, హారతి ఇచ్చి, దిమ్మలు దించేదాకా అలాగే అదిమి పట్టుకుని ఉన్నాడు.

ఆ సాయంత్రం లోవరాజు షెడ్డుకి వెళ్ళాడు. కట్టర్లు నడుస్తున్నాయి. ఎదురుగా ఉన్న మనిషి కనిపించనంత దుమ్ము. రేపు ఎన్నింటికి వస్తావని ధనరాజ్ అడిగాడు. రానన్నాడు. కారణం అందరూ వినేలా చెప్పాడు. కట్టర్ల చప్పుడులో ఎంతమంది విన్నారో తెలియదు. ఒకడు మాత్రం కట్టరు ఆపి, "మళ్ళీ సెప్పు," అన్నాడు. లోవరాజు మళ్ళీ చెప్పాడు. తర్వాత గూట్లోంచి సింహాచలం దిమ్మను దించి, ఆ చోట స్పానరు పెట్టి వచ్చేశాడు.

శారదా నది ఒడ్డున నానాజీ కూర్చుని ఉన్నాడు. రేవులోకి దిగే ఓపిక లేదు. లోవరాజు మోకాళ్ళ లోతు నీళ్ళలోకి వెళ్ళి, దిమ్మను రాతి మీద పెట్టాడు. నీళ్ళలో పడేస్తే సరిపోయేది. కానీ దోసిలితో నీళ్ళు తీసి దాని మీద పోయసాగాడు. మొదట నీళ్ళు తెల్లగా కారాయి. చాలాసేపు తెల్లగానే కారాయి. నానాజీకి అనుమానం వచ్చింది, లోపల కూడా అదేనేమోనని.

"బావా!" అన్నాడు లోవరాజు. నీళ్ళు ఎర్రబడ్డాయి. "లోపల బెల్లమే."

"ఇంకా పొయ్యి," అన్నాడు నానాజీ.

వెనక ఒడ్డు మీద ఎవరైనా తడుతున్నారేమోనని అతను చెవి పెట్టి విన్నాడు. నీళ్ళు పోస్తున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.